ఫోన్‌లో ఆడదగ్గ చిన్న ఆటలు: ఒక ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. ఫోన్‌లో ఏ ఆట ఆడితే బాగుంటుందని నన్ను చాలామంది అడుగుతుంటారు. అడిగేటప్పుడే కాస్త మొహమాటపడుతూ అడుగుతారు, చేయకూడని పనేదో చేస్తున్నట్టు. ఆ మొహమాటం అక్కర్లేదండీ. పది నిమిషాలు తీరిక దొరికితే ఆడుకోవాలనిపించడంలో తప్పేముంది? ఏమీ లేదు. బాధంతా ఎక్కడంటే, ఆ పది నిమిషాలు గంటన్నర అయి, ఫోన్ పక్కన పెట్టేసరికి ఆడుకున్న తృప్తి కూడా మిగలకపోవడం దగ్గర. మీకెప్పుడైనా అలా జరిగిందా? జరిగే ఉంటుంది.

అందుకని ఆటను ఎంచుకునేటప్పుడు నేను మొదట అడిగేది ఇది: నేను ఆపాలనుకున్నప్పుడు ఈ ఆట నన్ను ఆపనిస్తుందా? బొమ్మలు బాగున్నాయా, ఎంతమంది ఆడుతున్నారు, ఎన్ని చుక్కల రేటింగ్ వచ్చింది, ఇవన్నీ తర్వాత. మళ్లీ చెబుతున్నాను, ఆపాలనుకున్నప్పుడు ఆపనిస్తుందా? ఈ ఒక్క ప్రశ్నతో యాప్ స్టోర్‌లో కనిపించే ఆటల్లో చాలా భాగం పక్కకు వెళ్లిపోతాయి. మిగిలినవాటిలో మంచివి ఎన్నో ఉన్నాయి. ఇవాళ వాటిలో నాకు బాగా నచ్చిన కొన్నిటి గురించే మాట్లాడతాను. డబ్బు పందెం పెట్టి ఆడేవాటి జోలికి నేను పోను. వాటిని నేను ఆటల లెక్కలో వేయను.

ముందు ఆపనివ్వనివి ఎలా పనిచేస్తాయో కాస్త చూద్దాం. క్యాండీ క్రష్ సాగా 2012లో వచ్చింది. ఒకే రంగు మిఠాయిలు మూడు కలపడం. కలిపినప్పుడు వచ్చే ఆ చప్పుడు, ఆ కదలిక, చాలా నైపుణ్యంతో చేసిన పని అది, కాదనను. కానీ అందులో ఐదు ప్రాణాలుంటాయి. ఓడినప్పుడల్లా ఒకటి పోతుంది. పోయినది తిరిగి రావడానికి అరగంట పడుతుంది. ఇప్పుడు ఆలోచించండి, ఈ అరగంట ఎవరి కోసం? మనకు విశ్రాంతి ఇవ్వడానికైతే కాదు కదా! అరగంట తర్వాత మళ్లీ రావాలి, లేదా ఆగలేక డబ్బు కట్టాలి. రెండిట్లో ఏది జరిగినా మనం ఆట చెప్పిన టైముకి నడుస్తున్నట్టే.

ఇంకో కిటుకు ఉంది. బి.ఎఫ్. స్కిన్నర్ అని మనస్తత్వ శాస్త్రవేత్త, పావురాల మీద ప్రయోగాలు చేశాడు. మీట పొడిస్తే గింజ వస్తుంది. ప్రతిసారీ వస్తే పావురం ఆకలి తీరాక ఊరుకుంటుంది. ఎప్పుడు వస్తుందో తెలియకుండా, ఒకసారి రెండు పొడుపులకు, ఇంకోసారి ఇరవై పొడుపులకు వస్తే? పొడుస్తూనే ఉంటుంది. గింజలు ఇవ్వడం ఆపేసినా చాలాసేపు పొడుస్తూనే ఉంటుంది. ఆటల్లో తెరిచి చూడమనే పెట్టెలు, తిప్పమనే చక్రాలు, రోజూ వచ్చి తీసుకోమనే కానుకలు, వీటన్నిటి వెనకా ఉన్నది ఆ సూత్రమే. చక్రం తిప్పడంలో మీరు ఆడుతున్నదేమిటో చెప్పండి. ఏమీ లేదు. వేలితో నొక్కుతున్నారు, అంతే.

సరే, ఇక మంచివాటికి వద్దాం. నాకు అసలు మాట్లాడాలని ఉన్నది వీటి గురించే.

మీలో 2048 అనే అంకెల ఆట ఆడినవాళ్లు ఎంతమంది? చాలామందే ఉన్నారు. త్రీస్ ఆడినవాళ్లు? చూశారా, చేతులు ఎలా తగ్గిపోయాయో. త్రీస్ ముందు వచ్చింది, 2014 ఫిబ్రవరిలో. ఆషర్ వోల్మర్, గ్రెగ్ వోల్వెండ్ అని ఇద్దరు, సంగీతానికి జిమ్మీ హింసన్. దాదాపు 14 నెలలు కూర్చుని చేశారు. అది వచ్చిన కొద్ది వారాలకే అనుకరణలు మొదలయ్యాయి. ఆ వరసలో, 2014 మార్చిలో, ఇటలీలో గాబ్రియేలె చిరుల్లి అనే పంతొమ్మిదేళ్ల కుర్రాడు ఒక శని ఆదివారాల్లో 2048 రాసి, కోడ్‌తో సహా అందరికీ ఉచితంగా పెట్టేశాడు. అది ప్రపంచమంతా పాకిపోయింది. ఆ కుర్రాడిని నేను తప్పు పట్టను. తన ఆటకు ముందు ఏవేవి ఉన్నాయో చెప్పాడు, డబ్బు కోసం చేయలేదు. కానీ రెండూ పక్కపక్కన పెట్టి ఆడి చూడండి, 14 నెలలు ఎక్కడికి పోయాయో తెలుస్తుంది.

రెండిట్లోనూ నాలుగు అడ్డం, నాలుగు నిలువు, పదహారు గళ్లు. 2048లో వేలితో ఒక పక్కకు తోస్తే పలకలన్నీ ఆ పక్క గోడ దాకా జారిపోతాయి. ఒకే అంకె ఉన్నవి కలుస్తాయి. కొంతసేపు ఆడాక మీకే ఒక ఉపాయం తడుతుంది: పెద్ద అంకెను ఒక మూలలో పెట్టి, అక్కడి నుంచి కదలకుండా చూసుకోవడం. ఆ ఉపాయం తెలిశాక ఆట చేతులకు అలవాటైపోతుంది, బుర్రకు పని తగ్గిపోతుంది. త్రీస్‌లో ఏమవుతుంది? తోస్తే పలకలు ఒక్క గడి మాత్రమే కదులుతాయి. ఒక్క గడి! ఇంత చిన్న తేడా. కానీ దానితో ప్రతి కదలికా లెక్కలోకి వస్తుంది. ఒకటి, రెండు కలిస్తే మూడు. ఒకటీ ఒకటీ కలవవు. మూడు నుంచి పైకి మాత్రం సమానమైనవే కలుస్తాయి: మూడూ మూడూ ఆరు, ఆరూ ఆరూ పన్నెండు. తర్వాత రాబోయే పలక ఏమిటో పైన చూపిస్తుంది. అది మీరు ఏ పక్కకు తోశారో దానికి ఎదురు పక్క నుంచి, కదిలిన వరసల్లో ఒకదానిలోకి వస్తుంది. అంటే ఎటు నుంచి రావాలో మీ చేతిలో ఉంది, సరిగ్గా ఏ వరసలోకి వస్తుందో మాత్రం లేదు.

ఇంకొకటి, ఇది ఆడేవాళ్లు కూడా చాలామంది గమనించరు. త్రీస్‌లో వేలు పూర్తిగా జరపకుండా సగం దాకా జరిపి ఆగండి. పలకలు సగం కదిలి ఆగుతాయి. ఏది దేనితో కలవబోతోందో కనిపిస్తుంది. నచ్చకపోతే వేలు ఎత్తకుండానే వెనక్కి తెచ్చుకోవచ్చు. తొందరపడి తోసేశానే అని నాలుక కరుచుకునే అవసరం లేకుండా చేశారు. ఆడేవాడి మీద గౌరవమంటే అదీ. ఒక్కో ఆట కొద్ది నిమిషాల్లో అయిపోతుంది, మధ్యలో ఆపేసినా ఎక్కడిదక్కడే ఉంటుంది. ప్రాణాలు లేవు, చక్రాలు లేవు. డబ్బు పెట్టి కొనే వెర్షన్ తీసుకుంటే యాడ్స్ కూడా ఉండవు. ఫోన్‌లో ఒకే ఒక్క ఆట ఉంచుకోమంటే నేను దీన్నే ఉంచుకుంటాను.

డబ్బు పెట్టి కొనడమన్నాను కదా. ఉచితంగా ఇన్ని దొరుకుతుంటే కొనడం ఎందుకని ముందు వరసలో ఎవరో అంటున్నారు. మంచి ప్రశ్న. ఒకసారి డబ్బు కట్టి కొన్న ఆటకు మీరు రేపు రాకపోయినా నష్టం లేదు. ఉచితమన్న ఆటకు మీరు రేపు రాకపోతే నష్టం, ఎల్లుండి రాకపోతే ఇంకా నష్టం. అందుకే అది మిమ్మల్ని పిలుస్తూనే ఉంటుంది. అలాగని ఉచితమైనవన్నీ ఇంతేనా? కాదు. నిజంగా ఉచితమైనవీ ఉన్నాయి. వాటిలో మేలైనది ఇప్పుడు చెబుతాను.

సైమన్ టాథమ్ అని ఇంగ్లండ్‌కు చెందిన ప్రోగ్రామర్. కంప్యూటర్ పనిలో ఉన్నవాళ్లకు పుట్టీ అనే సాఫ్ట్‌వేర్ తెలిసే ఉంటుంది, అది రాసింది ఈయనే. ఈయన చిన్న చిన్న పజిళ్లు రాసి ఒకచోట చేర్చాడు. పోర్టబుల్ పజిల్ కలెక్షన్ అని పేరు. దాదాపు 40 రకాల పజిళ్లు. వేరేవాళ్లు దాన్ని ఫోన్‌లకు మార్చారు. డబ్బు లేదు, యాడ్స్ లేవు, నెట్ అక్కర్లేదు, రా రమ్మని పిలిచే నోటిఫికేషన్లు లేవు. చూడడానికి సాదాసీదాగా ఉంటుంది, బూడిదరంగు గళ్లు, నల్ల గీతలు. చూసి వెనక్కి తగ్గకండి! టెట్రిస్ సంగతి గుర్తు తెచ్చుకోండి. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ దాన్ని తయారు చేసిన కంప్యూటర్‌లో బొమ్మలు గీసే సదుపాయమే లేదు. బ్రాకెట్ గుర్తులతోనే ఇటుకలు పేర్చాడు. ఆట మంచిదైతే బ్రాకెట్లు చాలు.

ఈ కలెక్షన్‌లో మైన్స్ అని ఒకటుంది. మనందరికీ తెలిసిన మైన్‌స్వీపరే. పాతదానిలో ఒక బాధ ఉండేది, గుర్తుందా? అంతా జాగ్రత్తగా తీసుకుంటూ వస్తారు, చివరికి రెండు గళ్లు మిగులుతాయి, ఒకదాన్లో మందుపాతర. ఎందులో ఉందో తెలుసుకునే దారే లేదు, ఊహించి నొక్కాల్సిందే. టాథమ్ రాసిన మైన్స్‌లో అలా జరగదు. ఊహించాల్సిన అవసరం లేకుండా, ఆలోచనతోనే తేలేలా గళ్లను పేర్చి ఇస్తుంది. అంటే ఓడిపోతే తప్పు మనదే. నాకు అది చాలా ఇష్టం. అదృష్టం మీద నెట్టేయడానికి లేదు.

లూపీ అని ఇంకొకటి. దీన్ని కాస్త విడమరిచి చెబుతాను, ఎందుకంటే పజిల్ అంటే భయపడేవాళ్లకు ఆ భయం పోగొట్టేది ఇదే. చుక్కల గళ్లు ఉంటాయి. కొన్ని గళ్లలో అంకెలుంటాయి. చుక్కలను కలుపుతూ గీతలు గీసి, ఎక్కడా తెగకుండా, ఎక్కడా ఒకదాన్నొకటి తాకకుండా ఒకే ఒక్క చుట్టు రావాలి. గడిలో ఉన్న అంకె ఏం చెబుతుంది? ఆ గడికున్న నాలుగు అంచుల్లో ఎన్నిటి మీద గీత వెళుతుందో చెబుతుంది. ఇప్పుడు ఒక సున్నా పక్కనే ఒక మూడు ఉందనుకోండి. సున్నా చుట్టూ గీత రాదు కదా? కాబట్టి రెండిటికీ మధ్య ఉన్న అంచు మీద కూడా రాదు. మరి మూడుకు మూడు అంచులు కావాలి, ఒకటి పోయింది, మిగిలినవి సరిగ్గా మూడే. ఆ మూడూ గీసేయొచ్చు. అక్కడితో అయిపోలేదు. గీత మధ్య అంచు రెండు కొసల దగ్గరా ఆగింది. అక్కడి నుంచి ఎటు పోతుంది? సున్నా వైపు పోలేదు, మధ్య అంచు మీదికి రాలేదు. నేరుగా పైకి ఒకటి, నేరుగా కిందికి ఒకటి, అవే దారులు. చూశారా, రెండే రెండు అంకెలు, ఐదు గీతలు తేలిపోయాయి. లెక్కలు లేవు, కూడికలు లేవు. ఇలా ఒకటి తేలగానే పక్కది తేలుతుంది, దాని పక్కది తేలుతుంది. ఆ వరస మొదలైనప్పుడు కలిగే సంతోషం ఏ చక్రం తిప్పితే వస్తుంది చెప్పండి?

సుడోకు అందరికీ తెలిసిందే కాబట్టి దాని మీద ఎక్కువసేపు ఉండను. ఒక్క మాట. 17 అంకెలకన్నా తక్కువ ఇస్తే ఒకే జవాబు వచ్చే సుడోకు ఉండదని 2012లో కంప్యూటర్‌తో లెక్కగట్టి తేల్చారు. అయితే ఇచ్చిన అంకెలు తక్కువైతే పజిల్ కష్టమనీ, ఎక్కువైతే సులువనీ అనుకోకండి. కష్టమంతా అవి ఎక్కడ ఉన్నాయనే దాని మీద ఉంటుంది. టాథమ్ కలెక్షన్‌లో సుడోకు కూడా ఉంది, సోలో అనే పేరుతో. వేరే యాప్ అక్కర్లేదు.

చదరంగం వచ్చినవాళ్లకు లీచెస్ అనే యాప్ ఉంది. ఇది లాభాపేక్ష లేని సంస్థది. విరాళాల మీదే నడుస్తుంది, యాడ్స్ లేవు. తిబో ద్యుప్లెసీ అనే ఫ్రాన్స్ ప్రోగ్రామర్ 2010లో మొదలుపెట్టాడు. అందులో ఒక్క నిమిషం, మూడు నిమిషాల ఆటలుంటాయి. వాటి దగ్గర మాత్రం జాగ్రత్త, ఇంకొక్కటి, ఇంకొక్కటి అంటూ లాక్కుపోతాయి. నేను చెప్పేది కరస్పాండెన్స్ ఆట గురించి. ఒక్కో ఎత్తుకు ఒక రోజు నుంచి రెండు వారాల దాకా గడువు పెట్టుకోవచ్చు. పొద్దున ఒక ఎత్తు వేసి ఫోన్ జేబులో పెట్టుకోండి. ఎదుటివాళ్లు తీరిక చూసుకుని సాయంత్రం వేస్తారు. దూరాన ఉన్న స్నేహితుడితోనో, తోబుట్టువులతోనో ఇలా ఆడి చూడండి. ఆటతో పాటు ఓ పలకరింపు కూడా నడుస్తుంది. చదరంగం కొత్తవాళ్లు పజిళ్లతో మొదలుపెట్టొచ్చు. అవన్నీ ఎవరో ఎక్కడో నిజంగా ఆడిన ఆటల్లోంచి తీసినవే.

ఇప్పుడు మినీ మెట్రో. న్యూజిలాండ్‌లో డైనోసార్ పోలో క్లబ్ అనే చిన్న సంస్థ చేసింది, 2016లో ఫోన్లకు వచ్చింది. ఖాళీ తెర మీద ఒక వృత్తం, ఒక త్రిభుజం, ఒక చతురస్రం కనిపిస్తాయి. అవి స్టేషన్లు. వేలితో వాటిని కలుపుతూ గీత గీస్తే అదే రైలు మార్గం. స్టేషన్ దగ్గర చిన్న చిన్న ఆకారాలు పోగవుతుంటాయి, వాళ్లే ప్రయాణికులు. త్రిభుజం ప్రయాణికుడు త్రిభుజం స్టేషన్‌కు వెళ్లాలి, అంతే. ఏ త్రిభుజమైనా ఫరవాలేదు. మొదట్లో హాయిగా ఉంటుంది. ఆటలో వారాలు గడిచేకొద్దీ కొత్త స్టేషన్లు పుట్టుకొస్తాయి, జనం పెరుగుతారు, ఒక స్టేషన్ నిండిపోయి చాలాసేపు అలాగే ఉంటే ఆట ముగుస్తుంది. 1930లలో హ్యారీ బెక్ అనే డ్రాఫ్ట్స్‌మన్ లండన్ భూగర్భ రైళ్ల మ్యాపును నిట్టనిలువు, అడ్డం, ఏటవాలు గీతలతో గీశాడు. దూరాలు పట్టించుకోకుండా, ఏది ఎక్కడ కలుస్తుందో అదొక్కటే చూపించాడు. ఆ తర్వాత ఎన్నో నగరాల రైలు మ్యాపులు ఆ దారే పట్టాయి. ఈ ఆట రూపమంతా ఆ మ్యాపు నుంచి వచ్చిందే. కొన్నాళ్లు ఇది ఆడాక అసలు మెట్రో మ్యాపు కనిపిస్తే ఆగి చూడబుద్ధేస్తుంది: ఈ రెండు లైన్లు ఇక్కడే ఎందుకు కలిపారు అని.

మినీ మెట్రోలో నాకు నచ్చింది ఆపే బటన్. ఆట ఆపి ఉంచి, తాపీగా గీతలు మార్చుకోవచ్చు. కంగారు పడేవాళ్లు దీన్ని వాడుకోండి. గడబిడే ఇష్టం లేకపోతే స్టేషన్లు ఎంత నిండినా ముగియని పద్ధతి కూడా ఒకటుంది. రంగులు సరిగా ఆనని వాళ్ల కోసం సెట్టింగ్ కూడా పెట్టారు, అది ఇంకా ఎక్కువ ఆటల్లో ఉండాలి.

మాన్యుమెంట్ వ్యాలీ గురించి అడుగుతారని తెలుసు. 2014లో వచ్చింది, అస్‌టూ అనే సంస్థది. ఎషర్ అనే చిత్రకారుడు గీసిన అసాధ్యమైన కట్టడాల బొమ్మలు చూశారు కదా, ఎక్కుతున్న మెట్లే దిగుతున్నట్టు ఉంటాయి, అలాంటి కట్టడాల్లో ఐడా అనే అమ్మాయిని నడిపించాలి. గోపురాన్ని వేలితో తిప్పితే, విడివిడిగా ఉన్న రెండు దారులు కంటికి కలిసినట్టు కనిపిస్తాయి. కనిపించాయంటే కలిసినట్టే, నడిచి వెళ్లిపోవచ్చు. పది అధ్యాయాలు. ఒక సాయంత్రంలో అయిపోతుంది. ఇంతేనా, తొందరగా అయిపోయిందే అని చాలామంది ఫిర్యాదు చేశారు. నాకు మాత్రం అయిపోవడమే నచ్చింది. చెప్పాల్సింది చెప్పి ముగిసే ఆటలు ఫోన్లలో అరుదు.

బుర్రకు పని పెట్టేంత ఓపిక లేని రోజులుంటాయి. అలాంటప్పుడు ఆల్టోస్ ఒడిస్సీ, 2018లో వచ్చింది. ఇసుక కొండల మీద జారుకుంటూ పోవడం. తెర మీద ఎక్కడ తాకినా ఆటలోని మనిషి దూకుతాడు, వేలు అలాగే పట్టుకుంటే గాల్లో గిరికీ కొడతాడు, అంతే. అందులో జెన్ మోడ్ పెట్టుకోండి. పాయింట్లు ఉండవు, నాణేలు ఉండవు, పడిపోతే లేచి మళ్లీ జారడమే. తెల్లవారుతుంది, వాన వస్తుంది, చీకటి పడుతుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆడండి. డెజర్ట్ గోల్ఫింగ్ కూడా ఇలాంటిదే, కానీ ఇంకా నిరాడంబరం: ఇసుక, బంతి, గుంట. మళ్లీ మొదటి నుంచి ఆడే వీలే లేదు. కొట్టిన దెబ్బల లెక్క పెరుగుతూ పోతుంది, మీరు ముందుకు వెళుతూనే ఉంటారు. అందరికీ నచ్చదు. నచ్చినవాళ్లు మాత్రం వదలరు.

ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లకు వర్డల్ తెలిసే ఉంటుంది. దాచిన మాటను కనిపెట్టాలి: రోజుకు ఒక్క మాట, ఆరు ప్రయత్నాలు. జాష్ వార్డల్ 2021లో అందరికీ అందుబాటులోకి తెచ్చాడు. రోజుకు ఒక్కటే అన్న నియమమే దాని బలం. కొత్తది ఇంకొకటి కావాలన్నా ఆ రోజు దొరకదు కదా, రేపటిదాకా ఆగాల్సిందే. క్యాండీ క్రష్‌లోనూ ఆగమంటారు, ఇక్కడా ఆగమంటారు. తేడా ఏమిటి? రేపటి మాటను ఇవాళే ఇస్తామని ఇక్కడ డబ్బు అడగరు.

ఆటలు తయారు చేసేవాళ్లందరూ మనల్ని కట్టిపడేయాలనే చూస్తారని అనుకోకండి. ఫ్లాపీ బర్డ్ గుర్తుందా? వియత్నాంకు చెందిన డాంగ్ న్యుయెన్ చేశాడు. 2014 మొదట్లో అది డౌన్‌లోడ్లలో అన్నిటికన్నా ముందుంది. సరిగ్గా అప్పుడే, ఫిబ్రవరిలో, తనంతట తానే దాన్ని స్టోర్ నుంచి తీసేశాడు. జనం దానికి బానిసలైపోతున్నారని చెప్పాడు. అంత ఆదాయం వస్తున్న ఆటను తీసేయడం మాటలు కాదు.

ఇక కొత్త ఆట దించుకునే ముందు ఏం చూడాలి? ప్లే స్టోర్‌లో ఆట పేరు కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, యాడ్స్ ఉన్నాయనీ, యాప్‌లో కొనుగోళ్లు ఉన్నాయనీ. అది చదవండి. ఆ కొనుగోళ్ల ధరలు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉన్నాయో చూడండి. ఒకే ఒక్క ధర ఉంటే చాలాసార్లు అది పూర్తి ఆటకో, యాడ్స్ తీసేయడానికో అయి ఉంటుంది, భయం లేదు. చాలా చిన్న మొత్తం నుంచి చాలా పెద్ద మొత్తం దాకా ఉంటే అక్కడ నాణేల మూటలు అమ్ముతున్నారన్నమాట. రివ్యూల్లో ఐదు చుక్కలవీ, ఒక చుక్కవీ వదిలేసి మూడు చుక్కలవి చదవండి. మంచీ చెడూ రెండూ చెప్పేది వాళ్లే. దించుకున్నాక ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి ఒకసారి తెరవండి. ఒక్కడే ఆడుకునే పజిల్ నెట్ లేకపోతే తెరుచుకోనంటే, ఆ నెట్ మీ కోసం కాదు. నోటిఫికేషన్లకు అనుమతి అడిగితే వద్దనండి. ఆట గుర్తొస్తే మనమే వెళతాం, అది మనల్ని పిలవాల్సిన పని లేదు.

పిల్లల సంగతి అడుగుతున్నారు. కొనుగోళ్లకు పాస్‌వర్డ్ తప్పనిసరి చేయండి, అది మొదటిది. రెండోది, మీరు ఆడని ఆట పిల్లలకు ఇవ్వకండి. ఒక్కసారైనా ఆడి చూడండి. ఇంకా మంచిది, పక్కన కూర్చుని కలిసి ఆడండి. మాన్యుమెంట్ వ్యాలీ ఇద్దరు కలిసి చూస్తూ ఆడడానికి చాలా బాగుంటుంది, ఒకరికి తట్టనిది ఇంకొకరికి తడుతుంది. పెద్దవాళ్ల విషయంలో అసలు ఇబ్బంది ఆటలతో కాదు, సన్నటి అక్షరాలతోనూ, మధ్యలో వచ్చిపడే యాడ్స్‌తోనూ. మూసేసే గుర్తు ఎక్కడుందో దొరక్క వాళ్లు ఎక్కడెక్కడో నొక్కేస్తారు. అందుకే వాళ్ల ఫోన్‌లో యాడ్స్ లేని ఆటలే పెట్టండి. అవసరమైతే మీరే డబ్బు కట్టి కొనిపెట్టండి.

ఇప్పుడు మాటలు చాలు, ఫోన్లు తీయండి. టాథమ్ పజిళ్లు బ్రౌజర్‌లోనే ఆడొచ్చు, ఏమీ దించుకోనక్కర్లేదు. అన్‌టాంగిల్ అని ఉంటుంది, అది తెరవండి. చుక్కలు, వాటి మధ్య చిక్కుపడ్డ గీతలు కనిపిస్తున్నాయా? చుక్కలను వేలితో లాగుతూ ఏ గీతా ఇంకోదాన్ని దాటకుండా చేయాలి. పది చుక్కలది తీసుకోండి. ఎక్కువ గీతలున్న చుక్కను ముందు పట్టుకుని, కిక్కిరిసిన చోటు నుంచి ఖాళీగా ఉన్న వైపుకు లాగి చూడండి. నేను మీ మధ్యకు వస్తాను, ఎక్కడ ఆగిపోతే అక్కడ అడగండి.